గంటగంటకీ ఒక వరుస

సబ్‌స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో లాగ్‌బుక్ ఎప్పుడూ తెరిచే ఉండేది. షిఫ్టులు మారేవి, మనుషులు మారేవారు, పుస్తకం మాత్రం బల్లమీద అదే చోట, అదే దీపం కింద ఉండేది. గట్టి అట్ట, పొడవాటి కాగితాలు, ప్రతి పేజీ మూలన ముందే అచ్చువేసిన వరుస సంఖ్య. కొత్తగా ఉద్యోగంలో చేరిన నాకు ఆ సంఖ్యలతో పనేమిటో మొదట్లో తెలియలేదు. ఎవరైనా ఒక పేజీ చింపితే ఆ సంగతి దాచడానికి వీలుండకూడదని వాటిని అచ్చువేయిస్తారని తరువాత ఒక సీనియర్ చెప్పారు. విడి కాగితాల మీద రాసి నెలాఖరున కుట్టించుకుందామన్న ఆలోచనకు అందుకే అక్కడ చోటుండేది కాదు.

నిజానికి మేము రాయవలసినవి రెండు ఉండేవి. మొదటిది లాగ్‌షీట్. అందులో గంటకొక వరుస చొప్పున బస్ వోల్టేజి, ఒక్కొక్క ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయటికి కరెంటు తీసుకెళ్ళే లైను) మీద ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఉష్ణోగ్రత, వైండింగ్ ఉష్ణోగ్రత, ట్యాప్ స్థానం, బ్యాటరీ వోల్టేజి నింపాలి. రెండవది అసలు లాగ్‌బుక్. ఏ ఫీడర్ ఎప్పుడు ట్రిప్ అయింది, అంటే దానంతటదే ఆగిపోయింది, లోపాన్ని పసిగట్టే రిలేల్లో దేని ఫ్లాగ్ పడింది, ఎవరు ఫోన్ చేశారు, ఏమి చెప్పారు, మేము ఏమి చేశాము అన్నవి వేళలతో సహా అందులో రాయాలి. మాటల్లో మాత్రం రెండింటినీ కలిపి లాగ్ అనే అనేవాళ్ళం. "లాగ్ అయిందా?" అని అడిగితే రెండూ అయ్యాయా అని అర్థం.

రాయడానికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. మామూలు విషయాలకు నీలి సిరా, ట్రిప్పులకూ ప్రమాదకరమైన విషయాలకూ ఎర్ర సిరా. తప్పు పడితే దాని మీద ఒకే ఒక్క గీత కొట్టి, కింద ఉన్నది చదవడానికి వీలుగా ఉంచి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం పెట్టి వేళ వేయాలి. గీకి చెరపడం, తెల్లరంగు పూయడం నిషిద్ధం. ఇరవై నాలుగు గంటల లెక్కలోనే వేళలు రాయాలి. రాత్రి షిఫ్ట్‌లో రెండు తేదీలు ఉంటాయి కాబట్టి సున్నా గంటలు కాగానే పేజీకి అడ్డంగా ఒక గీత గీసి, మధ్యలో కొత్త తేదీ వేసి, ఆ తరువాతే మరొక అక్షరం రాయాలి. ఈ గీత ఎవరైనా మరిచిపోతే, తెల్లవారుజామున రెండింటికి జరిగినది ఏ రోజు లెక్కలోకి వస్తుందో తేల్చలేక మరునాడు పై కార్యాలయంలో తల పట్టుకునేవారు. మాలో ఒకాయన ఒకటి అంకె వేస్తే అచ్చం ఏడులా ఉండేది. ఆయన చేతిరాత మారదని తేలిపోయాక మిగిలిన అందరం ఏడు అంకెకు మధ్యలో అడ్డగీత పెట్టడం అలవాటు చేసుకున్నాం. నాకు ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, బ్యాంకు చెక్కుల మీద కూడా అలాగే రాస్తాను.

ఆ పుస్తకంలోని ఒక వరుసకు మనిషి ప్రాణంతో సంబంధం ఉంటుందని నాకు తెలిసింది లైన్ క్లియర్ల దగ్గర. ఏదైనా ఫీడర్ మీద పని చేయవలసి వస్తే బయట ఉన్న బృందంలో బాధ్యత గల వ్యక్తి ఫోన్ చేసి లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు లేదన్న హామీతో పని చేసే అనుమతి, అడగాలి. మేము కరెంటు తెంపే బ్రేకర్ తెరిచి, ఐసోలేటర్ విడదీసి, లైనును నేలకు కలిపే ఎర్త్ స్విచ్ వేసి, హ్యాండిల్‌కు తాళం బిగించి, మనుషులు పనిలో ఉన్నారని హెచ్చరించే పలక తగిలించి, అప్పుడు ఆ లైన్ క్లియర్‌కు ఒక సంఖ్య కేటాయించేవాళ్ళం. ఆ సంఖ్య, తీసుకున్నవారి పేరు, వేళ, చేయబోయే పని పుస్తకంలో రాసి, రాసినది చదివి వినిపించి, అవతలివారి చేత తిరిగి చెప్పించుకునేవాళ్ళం. ఒకే ఫీడర్ మీద రెండు చోట్ల రెండు బృందాలు పని చేస్తే రెండు వేరువేరు లైన్ క్లియర్లు ఉంటాయి. ఒకటి వాపసు వచ్చినంత మాత్రాన లైను చార్జ్ చేయడానికి, అంటే మళ్ళీ కరెంటు ఇవ్వడానికి, వీల్లేదు. తీసుకున్న మనిషే వాపసు ఇవ్వాలి. ఆయన తరఫున మరొకరు "అయిపోయింది, వేసేయండి" అంటే కుదరదు. షిఫ్ట్ మారే సమయానికి వాపసు రాని లైన్ క్లియర్ ఉంటే దిగిపోయేవారు దాన్ని ఎర్ర సిరాతో రాసి సంతకం చేసేవారు, ఎక్కేవారు తమ షిఫ్ట్ మొదటి వరుసగా దాన్నే మళ్ళీ రాసేవారు. వెనక పేజీలో ఉంది కదా అని వదిలేయడం ఉండేది కాదు.

ఒక సాయంత్రం పెద్ద గాలివాన వెలిశాక ఒక ఫీడర్ చాలాసేపు ఆగిపోయి ఉంది. పై నుంచి ఫోన్ మీద ఫోన్ వస్తోంది. పని ఎప్పుడో అయిపోయిందని తనకు సమాచారం ఉందనీ, ఇంకా ఎందుకు వేయలేదనీ అవతల గొంతు పెరుగుతోంది. ఆ షిఫ్ట్‌లో ఉన్న మా సీనియర్ గారు రిసీవర్ చెవికి పెట్టుకుని, ఎడమచేతి చూపుడు వేలును పుస్తకంలోని ఒక ఎర్ర వరుస మీద ఆనించి, "రెండో లైన్ క్లియర్ వాపసు రాలేదు సార్" అన్నారు. అవతల మళ్ళీ ఏదో అన్నారు. ఈయన మళ్ళీ అదే వాక్యం, అదే స్వరంతో చెప్పారు. వాదించలేదు, వివరించలేదు, వేలు తీయలేదు. కాసేపటికి రెండో బృందం నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడే స్తంభం దిగామని చెప్పారు. సీనియర్ గారు వేళ రాసి, పేరు రాసి, తిరిగి చెప్పించుకుని, అప్పుడు లేచి ప్యానల్ దగ్గరికి వెళ్ళారు. అధికారి మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఆ మనిషికి స్వతహాగా ఉందో లేదో నాకు తెలియదు గానీ, ఆ రోజు ఆ ధైర్యం పుస్తకంలోంచే వచ్చిందని నా నమ్మకం.

ఆయనే మాలో అందరికంటే శ్రద్ధగా లాగ్ రాసేవారు. సబ్‌స్టేషన్‌కు రాకముందు సరుకు ఓడల ఇంజిన్ రూమ్‌లో పనిచేశారు. ఓడలో పైన డెక్ లాగ్, కింద ఇంజిన్ లాగ్ అని రెండు ఉంటాయనీ, కింద నాలుగు గంటల వాచ్ ముగిసేసరికి ఇంజిన్ చుట్ల సంఖ్య, ఒక్కో సిలిండర్ నుంచి వెలువడే పొగ ఉష్ణోగ్రత, లూబ్ ఆయిల్ పీడనం రాసి సంతకం చేస్తే గానీ మెట్లెక్కనిచ్చేవారు కాదనీ చెప్పేవారు. రాత్రి షిఫ్ట్‌లో లోడ్ తగ్గి ఫోన్లు మోగని వేళల్లో ఆయన చెప్పిన ఓడల కబుర్లలోనే లాగ్‌బుక్కుకు ఆ పేరు ఎలా వచ్చిందో మొదటిసారి విన్నాను. పూర్వం ఓడ వేగం కొలవడానికి పావువృత్తం ఆకారంలో ఉన్న చెక్కపలకను తాడుకు కట్టి ఓడ వెనక నీళ్ళలో వదిలేవారు. వంపు అంచున సీసం పోసి ఉండటం వల్ల అది నిలువుగా నిలబడి, నీటిని పట్టుకుని ఉన్నచోటనే ఉండేది. ఓడ ముందుకు పోతున్నకొద్దీ తాడు వదులుతూ ఉండేవారు. ఆ తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకు ఒక ముడి ఉండేది. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముళ్ళు చేతిలోంచి జారితే ఓడ గంటకు అన్ని నాటికల్ మైళ్ళు పోతున్నట్టు లెక్క. ఆ పలక పేరు లాగ్, దాని లెక్కలు రాసుకునే పుస్తకం లాగ్‌బుక్.

తీరం కనబడని నీళ్ళలో, ఎంత వేగంతో, ఏ దిక్కుకు, ఎంతసేపు వెళ్ళామన్న మూడు అంకెల నుంచే తాము ఎక్కడున్నామో నావికులు లెక్కగట్టుకునేవారు. ప్రతి వరుసా దానికి ముందున్న వరుస మీద ఆధారపడి ఉంటుంది. "ఒక గంట రాయలేదంటే ఆ గంట తరువాతి లెక్కంతా ఊహే" అనేవారాయన. గాలి బలాన్ని కూడా ఒక్కొక్కరు ఒక్కో మాటతో రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు కాబట్టి, ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాధికారి పంతొమ్మిదో శతాబ్ది ఆరంభంలో దానికి అంకెలు పెట్టాడు. సున్నా అంటే గాలి లేనట్టు, పన్నెండు అంటే ఏ తెరచాపా నిలవలేని తుఫాను. మధ్యలోని అంకెలకు ఆ గాలిలో ఓడ ఎన్ని తెరచాపలు ఎత్తగలదన్నదే కొలత. ఈ పద్ధతిని 1838లో బ్రిటిష్ నౌకాదళం తన లాగ్‌బుక్కులన్నింటికీ తప్పనిసరి చేసింది. మా పుస్తకంలో ఎవరైనా "గాలి బాగా ఎక్కువగా ఉంది" అని రాస్తే సీనియర్ గారు నవ్వి, "బాగా అంటే ఎంత బాబూ? యార్డులో ఏమి ఊగుతోందో అది రాయి" అనేవారు. అప్పటి నుంచి మేము లైన్లను కలిపే జంపర్ తీగలు ఊగుతున్నాయనో, కంచె మీది రేకులు లేస్తున్నాయనో రాయడం మొదలుపెట్టాం.

లాగ్‌ను వెనక్కి తిప్పి చదవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఒక వేసవిలో మా ట్రాన్స్‌ఫార్మర్లలో ఒకదాని ఆయిల్ ఉష్ణోగ్రత ఎక్కువగా ఉందని ఆయనకు అనుమానం వచ్చింది. అలారం మోగేంత కాదు, ఎవరి కంటికీ ఆనేంత కూడా కాదు. మిగిలినవారం ఎండలు ముదిరాయి కదా అనుకున్నాం. ఆయన పాత లాగ్‌షీట్ల కట్ట దింపించి, అంతకు ముందటి వేసవిలో దాదాపు ఇంతే లోడ్, ఇంతే ఎండ ఉన్న గంటలను ఏరి, వాటి పక్కన ఇప్పటి గంటలను పెట్టి ఒక కాగితం మీద రాశారు. అదే లోడ్‌కు ఆయిల్ నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. తరువాత రోజులను ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పుకుంటూ పోయి, ఆ తేడా ఎక్కడ మొదలైందో పట్టుకున్నారు. ఒక తేదీ ముందు వరకూ లేదు, ఆ తరువాత ఉంది. లాగ్‌బుక్‌లో ఆ తేదీ తెరిచి చూస్తే, ఆయిల్‌ను చల్లబరిచే రేడియేటర్లలో కారుతున్న ఒకదానికి గ్యాస్కెట్ మార్చి, పని ముగిశాక ట్రాన్స్‌ఫార్మర్‌ను తిరిగి చార్జ్ చేసినట్టు నాలుగు వరుసలు ఉన్నాయి. మేమిద్దరం యార్డులోకి వెళ్ళాం. ఆయన చెప్పినట్టు నేను రేడియేటర్ల మీద వరుసగా అరచేయి ఆనించుకుంటూ పోయాను. అన్నీ కాలుతున్నాయి, ఆ ఒక్కటి మాత్రం గోరువెచ్చగా ఉంది. దాని పై వాల్వు మూసే ఉంది. పని చేసిన బృందం తెరవకుండానే వెళ్ళిపోయింది. ఆయిల్ ప్రసరణ లేక ఆ రేడియేటర్ ఉన్నా లేనట్టే అయింది. ఆ తరువాత మా పుస్తకంలో అటువంటి పని ఏది జరిగినా "పై వాల్వు తెరిచి ఉంది, కింది వాల్వు తెరిచి ఉంది, చూశాను" అన్న వరుస చేరింది. చూశాను అన్న మాట ఉండి తీరాలని ఆయన పట్టుబట్టారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గ్యాస్కెట్ మార్చిన రోజున ఆ ఉష్ణోగ్రతలు రాసిన ఆపరేటర్‌కు తను రాస్తున్న అంకెలు తరువాత ఎవరికైనా అవసరమవుతాయని తెలిసే అవకాశం లేదు. అతను రోజూ రాసినట్టే ఆ రోజూ రాశాడు. ఏది ముఖ్యమో ముందే తెలిసి రాసే పుస్తకమైతే అందులో ఆ అంకెలు ఉండేవే కావు. డైరీకీ లాగ్‌కూ నేను చూసిన పెద్ద తేడా ఇదే. డైరీలో మనకు ముఖ్యమనిపించినది రాస్తాం. లాగ్‌లో మన ఇష్టంతో పని లేదు, గంట కొడితే రాయాలి.

అందుకే కూర్చున్నచోట అల్లిన రీడింగులంటే సీనియర్ గారికి ఒళ్ళు మండేది. తెల్లవారుజామున కునుకు తీసి, షిఫ్ట్ దిగే ముందు మూడు నాలుగు గంటల వరుసలను ఒక్క ఊపులో నింపేవాళ్ళు అన్ని చోట్లా ఉంటారు, మా దగ్గరా ఉండేవారు. ఆయన షీట్ చేతికి తీసుకోగానే పట్టేసేవారు. నిజంగా మీటర్ చూసి రాసిన అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, అల్లినవి మెట్లలా చక్కగా దిగుతాయి. సిరా ఒకే చిక్కదనంతో ఉంటుంది, అక్షరాల వాలు ఒకేలా ఉంటుంది. ఒక ఫీడర్‌లో అనుకోకుండా లోడ్ పెరిగిన గంటలో పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆ జాడ కనబడదు. మరోవైపు, నిజాయతీగా రాసినా వింతగా కనబడే షీట్లు కూడా ఉంటాయి. ఒకసారి వైండింగ్ ఉష్ణోగ్రత గంటల తరబడి ఒకే అంకెగా వచ్చింది. లోడ్ పెరుగుతున్నా అది కదలలేదు. అది రాసిన కుర్రవాణ్ణి అందరూ అనుమానించారు. వెళ్ళి చూస్తే మీటర్ ముల్లు ఇరుక్కుపోయి ఉంది. కనబడినది కనబడినట్టు రాసినందువల్లే ఆ లోపం బయటపడింది.

లాగ్‌లు రాసి రాసి, ఇలాంటి విషయాల్లో ఒక వాసన పట్టే గుణం అబ్బుతుంది. స్కాట్లాండ్ పశ్చిమ తీరానికి దూరంగా ఉన్న ఫ్లానన్ దీవుల లైట్‌హౌస్ నుంచి 1900 డిసెంబరులో ముగ్గురు కాపలాదారులు కనబడకుండా పోయారు. 26వ తేదీన ఓడ వెళ్ళి చూసేసరికి అక్కడ ఎవరూ లేరు. ఈ ఉదంతం చెప్పేవాళ్ళు చాలామంది, ఎన్నడూ చూడని తుఫాను వచ్చిందనీ, మనుషులు ఏడుస్తున్నారనీ, ప్రార్థనలు చేశామనీ ఆ లైట్‌హౌస్ లాగ్‌బుక్‌లో రాసి ఉన్నట్టు ఉటంకిస్తారు. అవి చదవగానే ఇవి లాగ్ వాక్యాలు కావని నాకు అనిపించింది. డ్యూటీలో ఉన్న మనిషి తోటివాడు ఏడ్చాడని అధికారిక పుస్తకంలో రాయడు. నిజానికి అవి తరువాతి కాలంలో ఎవరో అల్లినవి. అసలు పుస్తకం 13వ తేదీ దాకా నింపి ఉంది. ఆ తరువాతి వివరాలు, 15వ తేదీ ఉదయం తొమ్మిది గంటల దాకా, పుస్తకంలోకి ఎక్కించడానికి సిద్ధంగా పలక మీద రాసి ఉన్నాయి. కల్పించిన వాక్యాలకంటే ఆ తొమ్మిది గంటల వివరాలే మనకు ఎక్కువ చెబుతాయి. అప్పటి దాకా అక్కడ పని మామూలుగా సాగింది.

ఒకరి అవసరానికి రాసిన లాగ్ మరొకరి అవసరానికి పనికిరావడం గురించి చదివినప్పుడల్లా మా రేడియేటర్ గుర్తుకొస్తుంది. అమెరికా నౌకాదళంలో పటాల విభాగానికి 1842లో అధిపతిగా వచ్చిన మాథ్యూ మారీ, అక్కడ పేరుకుపోయిన పాత ఓడల లాగ్‌బుక్కుల్లోంచి గాలులూ ప్రవాహాలూ ఏరి పటాలు గీయించాడు. ఉత్తర అట్లాంటిక్ పటం 1847లో వెలువడింది. తమ లాగ్ వివరాలు పంపిన ఓడల అధికారులకు ఆ పటాలు ఉచితంగా ఇచ్చేవాడు. ఓడలన్నీ ఒకే తీరున పరిశీలనలు రాయాలని 1853లో బ్రస్సెల్స్‌లో జరిగిన సమావేశం వెనుక ఉన్నదీ ఆయనే. మొదటి ప్రపంచయుద్ధ కాలపు బ్రిటిష్ యుద్ధనౌకల లాగ్‌బుక్కుల్లోని వాతావరణ వివరాలను సాధారణ ప్రజల సాయంతో కంప్యూటర్లలోకి ఎక్కించే ఓల్డ్ వెదర్ అనే ప్రయత్నం 2010లో మొదలైంది. శత్రునౌకల కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తూనే ఆ నావికులు బారోమీటర్ చూసి అంకె వేశారు. ఇప్పుడు వాతావరణ మార్పులను లెక్కగట్టేవారికి ఆ అంకెలే కావలసి వచ్చాయి.

అయితే లాగ్‌లో నవ్వుకు చోటే లేదనుకోకూడదు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ దగ్గర పనిచేసేవారు ఒక రిలేలో ఇరుక్కున్న చిమ్మటను తీసి, టేపుతో లాగ్‌బుక్‌లో అంటించి, నిజమైన పురుగు దొరికిన మొదటి సందర్భమని కింద రాశారు. యంత్రంలోని లోపాన్ని పురుగు అనడం అప్పటికే ఉంది కాబట్టి ఆ చమత్కారం. ఆ పేజీలో వేళ కూడా ఉంది, 15 గంటల 45 నిమిషాలు. పరిహాసం చేస్తూ కూడా వేళ వేయడం మానని ఆ మనుషులంటే నాకు ఇష్టం. మా పుస్తకంలో ప్యానల్‌లోకి దూరి ట్రిప్ చేయించిన బల్లుల ప్రస్తావనలు కొల్లలు గానీ, అంటించే సాహసం ఎవరూ చేయలేదు.

నా ఉద్యోగం చివరి భాగంలో కంప్యూటర్లు వచ్చాయి. గంటగంటకీ రీడింగులు వాటంతట అవే నమోదు కావడం మొదలైంది. రెండు బ్రేకర్లు ఒకే క్షణంలో పడితే ఏది ముందు పడిందో గోడ గడియారం చూసి రాసే మాకు తెలిసేది కాదు, యంత్రం మిల్లీసెకన్లలో చెబుతుంది. ఆ విషయంలో పాత పద్ధతిని వెనకేసుకు రావడం మూర్ఖత్వమే. కానీ ట్రిప్‌కు ముందు యార్డులో ఏదో చిటపట వినిపించిందనీ, కాలిన వాసన వచ్చిందనీ, అనుమానం తీరేదాకా ఫీడర్ వేయకుండా ఆగాననీ యంత్రం రాయదు. వాటికోసం తెరమీద ఒక గడి ఇచ్చారు. ఆ గడిలో నిన్నటి వాక్యాన్నే కాపీ చేసి ఈరోజూ పెట్టేయడం చాలా తేలిక. చేత్తో రాసే రోజుల్లో అంతా మామూలేనని రాయడానికైనా కలం కదపాలి, ఆ కాస్త శ్రమలో మనిషి ఒకసారి ప్యానల్ వైపు తలెత్తి చూసేవాడు. నాకు నచ్చింది కాగితమూ కాదు, సిరా వాసనా కాదు, ఆ తలెత్తి చూడటం.

పదవీ విరమణ చేశాక ఈ అలవాటు కారు మీదికి మళ్ళింది. డాష్‌బోర్డు అరలో ఒక చిన్న పుస్తకం పెట్టి, ఇంధనం నింపించిన ప్రతిసారీ తేదీ, ఓడోమీటర్, లీటర్లు రాస్తాను. టైర్లలో గాలి, ఆయిల్ మార్పు, ఎప్పుడైనా వినిపించిన కొత్త మోత కూడా అందులోకే వెళతాయి. మధ్యలో ఒకసారి లీటరుకు వచ్చే కిలోమీటర్లు వరుసగా తగ్గుతూ వచ్చాయి. నడపడంలో నాకు తేడా ఏమీ తెలియలేదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి పుస్తకం చూపించి, ఎప్పటి నుంచి తగ్గిందో చెబితే, ఆయన మొదట నవ్వి, తరువాత బండి పైకెత్తి చక్రాలు ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూశాడు. వెనుక చక్రానికి బ్రేకు పట్టేసి ఉంది. ఇప్పుడు నేను వెళితే ఆయన బానెట్ ఎత్తే ముందు "పుస్తకం ఇలా ఇవ్వండి సార్" అని చెయ్యి చాపుతాడు.